వృద్ధసేవలో భగవద్దర్శనం





ఆలయ ధర్మకర్తలు నన్ను ఈ సాయంకాలం వృద్ధసేవను గురించి మాట్లాడమన్నారు. ఏదైనా ఒక ఉపనిషత్తును గురించి చెప్పమని ఉంటే నాకు సులభంగా ఉండేది, వినడం మీకూ సులభంగా ఉండేది. బ్రహ్మస్వరూపాన్ని గురించి ఎంతసేపు విన్నా ఎవరికీ ఇబ్బంది లేదు. వృద్ధసేవ అనేసరికి మాత్రం ఎవరికి వారు తమ ఇంటిలో ఒక మూల వేసి ఉన్న మంచాన్ని తలచుకుంటారు. ఆ మంచం మీద ఉన్నవారిని గురించే నేను మాట్లాడవలసి ఉన్నది. నాకు కూడా డెబ్బది ఆరు సంవత్సరములు వచ్చాయి కనుక మంచానికి ఇరుప్రక్కల నుండీ మాట్లాడగలను.

కొంతకాలం క్రితం ఒక గృహస్థు నా వద్దకు వచ్చి ఒక ధర్మసందేహం అడిగాడు. ఆయన నిష్ఠాపరుడు. త్రికాల సంధ్యావందనం, పంచాయతన పూజ, పారాయణ తప్పనివాడు. తండ్రిగారికి పక్షవాతం వచ్చి మంచం పట్టినప్పటి నుండి ఆ నియమమంతా చెదిరిపోయింది. పూజలో కూర్చుంటే లోపలి నుండి పిలుపు వస్తుంది. మడి కట్టుకొని వెళ్ళి తండ్రిని శుభ్రం చేయలేడు, శుభ్రం చేసి వచ్చి పూజలో కూర్చోలేడు. ‘అయ్యా, ఇరవై ఏళ్ళుగా సాగిన అనుష్ఠానం పోయింది. భగవంతుడు నాకు దూరమైపోయాడు. నేనేం చేయాలి?’ అని కన్నీరు పెట్టుకున్నాడు. ఆ ప్రశ్న ఆయన ఒక్కరిది కాదు. స్త్రీలు ఇదే ప్రశ్నను మనసులో అడుగుకుంటారు కాని పైకి అనరు. అత్తగారి మంచం, పిల్లల బడి, వంటిల్లు, వీటి మధ్య సహస్రనామం చదివి ఎన్నాళ్ళయిందో చెప్పలేని తల్లులు ఈ సభలో ఎంతమంది ఉన్నారో నాకు తెలుసు.

మడి విషయం ముందుగా చెప్పి ముగిస్తాను, అది పెద్ద విషయం కాదు. మలమూత్రములు తాకినందువలన వచ్చే అశుచి స్నానంతో పోతుంది. చేతులు సబ్బుతో కడుక్కోవడం, స్నానం చేయడం, ఆచమనం చేయడం, అంతటితో సరి. తండ్రి తడిసిన పక్క మీద చలికి వణుకుతూ ఉండగా మన మడి చెడుతుందని గడప ఇవతల నిలబడితే వచ్చే దోషం ఉన్నదే, అది ఏ గోదావరిలో మునిగినా పోదు. సంధ్యావందనం మానవద్దు. ఆపత్కాలంలో అర్ఘ్యప్రదానం చేసి, పది గాయత్రులైనా జపించి లేచే సౌలభ్యం పెద్దలు ఉంచారు. దానిని వాడుకోండి. మిగిలిన పూజ సంగతి ఇప్పుడు విచారిద్దాం.

మనం దేవునికి షోడశోపచారములు చేస్తాం. ఆవాహనం చేసి ఆసనం ఇస్తాం. పాద్యం, అర్ఘ్యం, ఆచమనీయం, స్నానం, వస్త్రం, గంధం, ధూపం, దీపం, నైవేద్యం, ఇలా క్రమం నడుస్తుంది. ఆసనం సమర్పయామి అంటూ అక్షతలు వేస్తాం. పరమాత్మకు కూర్చోవడానికి మన అక్షతలు అవసరమా? లేదు. అది భావన. ఇంటిలోని ముదుసలికి మాత్రం వీపు వెనుక రెండు దిండ్లు పెట్టి కూర్చోబెడితే తప్ప ఆసనం లేదు. పడుకోబెట్టి అన్నం పెడితే మెతుకు ఊపిరిగొట్టంలోకి పోయి ప్రాణం మీదికి వస్తుంది. కూర్చోబెట్టి పెట్టాలి, తిన్న తరువాత అరగంట అలాగే ఉంచాలి. పాద్యం అంటే వాచిన పాదములను గోరువెచ్చని నీటితో కడిగి, వ్రేళ్ళ సందులు పొడిగా తుడవడం. మధుమేహం ఉన్నవారి పాదానికి చిన్న పుండు పడినా వారికి తెలియదు, మనమే చూడాలి. దీపం అంటే రాత్రి స్నానాలగది దారిలో వెలిగే చిన్న బల్బు. అది లేక చీకటిలో జారిపడి తుంటి ఎముక విరిగి, తిరిగి లేవని పెద్దలు ఎందరో! ప్రదక్షిణం కూడా ఉన్నది. కదలలేని రోగిని రెండు గంటలకు ఒకసారి ప్రక్కకు తిప్పి పడుకోబెట్టాలని వైద్యులు చెబుతారు, లేకపోతే వీపున, తుంటి దగ్గర పుండ్లు పడతాయి. రాత్రిలో కూడా లేచి తిప్పే కోడలు ఏ గుడిచుట్టూ తిరగకుండానే ఎన్ని ప్రదక్షిణలు చేస్తున్నదో లెక్క వేయండి.

ఈ మాట వినడానికి బాగానే ఉన్నది. అయితే ఇక్కడే ఒక చిక్కు ఉన్నది. దానిని దాటవేసి మాట్లాడటం నాకు ఇష్టం లేదు. పూజామందిరంలోని విగ్రహం తిట్టదు. నైవేద్యం చూసి ఉప్పు తక్కువైందని అనదు. పంచామృతస్నానం చేయిస్తూ ఉంటే చేయి విదిలించి కొట్టదు. ఎవరో వచ్చినప్పుడు ‘వీళ్ళు నాకు అన్నం పెట్టడం లేదు’ అని చెప్పదు. ఇంటిలోని పెద్దలు ఇవన్నీ చేస్తారు. శిలలో భగవంతుని చూడటానికి భావన చాలు. కోపంతో కేకలు వేస్తున్న మనిషిలో భగవంతుని చూడటానికి ఏం కావాలి? ఈ ప్రశ్నకు మన ఇతిహాసంలో రెండు చోట్ల సమాధానం దొరుకుతున్నది.

మొదటిది భారతంలోని ఆరణ్యపర్వంలో మార్కండేయ మహర్షి ధర్మరాజుకు చెప్పిన కౌశికుని కథ. సభలో చిన్నపిల్లలు ఉన్నారు కనుక శ్లోకములు చదవను, కథ చెబుతాను. కౌశికుడు వేదాధ్యయన సంపన్నుడు. చెట్టు క్రింద కూర్చొని అధ్యయనం చేస్తూ ఉండగా పైనుండి ఒక కొంగ రెట్ట వేసింది. కోపంతో చూస్తే అది చచ్చి పడింది. తరువాత భిక్షకు ఒక ఇంటికి వెళితే ఆ గృహిణి భర్త సేవలో ఉండి ఆలస్యంగా వచ్చింది. ఈయన ఉరిమి చూశాడు. తాను కొంగను కానని ఆమె శాంతంగా చెప్పింది. అడవిలో జరిగినది ఇంటిలో ఉన్న ఇల్లాలికి ఎలా తెలిసింది? ఆశ్చర్యపడిన కౌశికుని ఆమె మిథిలలోని ధర్మవ్యాధుని వద్దకు పంపింది. అతడు మాంసం అమ్ముకొని జీవించేవాడు. అతని వద్ద ఈ వేదపండితుడు ధర్మమంతా విన్నాడు. చివరకు ధర్మవ్యాధుడు అతనిని తన ఇంటిలోకి తీసుకొని వెళ్ళి, స్నానం చేసి తెల్లని వస్త్రములు కట్టి భోజనం చేసి సుఖంగా కూర్చున్న తన తల్లిదండ్రులను చూపించి, తనకు ఈ జ్ఞానం వారి సేవ వలననే కలిగిందని, తన దేవతలు వీరేనని చెప్పాడు.

ఇంతవరకు ఉపన్యాసకులందరూ చెబుతారు. తరువాతి భాగం కొంచెం తొందరగా దాటిపోతుంటారు. ధర్మవ్యాధుడు కౌశికునితో, నీవు వేదాధ్యయనం కోసం తల్లిదండ్రుల అనుమతి లేకుండా ఇల్లు విడిచి వచ్చావు, వృద్ధులైన వారు నీకోసం ఏడ్చి ఏడ్చి చూపు పోగొట్టుకున్నారు, తిరిగి వెళ్ళి వారిని సేవించు అని చెప్పాడు. వేదం చదివినవాడికి ఈ మాట మాంసం అమ్మేవాని నోట వినిపించడం వ్యాసుల వారి ఉద్దేశం. మా వంటి వైదికులకు ఈ కథ కొంచెం గుచ్చుకుంటుంది, గుచ్చుకోవలసినదే. అధ్యయనం చెడ్డదని కాదు. కౌశికుని చూపులో కొంగను కాల్చే శక్తి వచ్చింది కాని, ఇంటి దగ్గర కళ్ళు కనపడని ఇద్దరు ముసలివాళ్ళు కనిపించలేదు.

తైత్తిరీయంలోని శిక్షావల్లిలో కూడా ఈ విషయమే ఉన్నది. తల్లిని, తండ్రిని, ఆచార్యుని, అతిథిని దేవతలుగా భావించమని గురువు చేసే ఉపదేశం మీ పిల్లలకు కూడా తెలుసు. అది ఎప్పుడు చెప్పాడో గమనించారా? అక్షరాభ్యాసం నాడు కాదు. అధ్యయనం పూర్తయి శిష్యుడు ఇంటికి బయలుదేరేటప్పుడు. ఎనిమిదేళ్ళ వయసులో తల్లి చేయి విడిచి వచ్చినవాడు పన్నెండేళ్ళ తరువాత తిరిగి వెళుతున్నాడు. తాను విడిచి వచ్చిన తల్లి వేరు, ఇప్పుడు గుమ్మంలో కనపడబోయే తల్లి వేరు. జుట్టు నెరిసి ఉంటుంది. తండ్రికి మోకాళ్ళు పట్టి ఉంటాయి. గురువుకు ఆ సంగతి తెలుసు కనుక ఆ మాట చెప్పి మరీ పంపుతున్నాడని నా అభిప్రాయం. నేటి కాలంలో చదువు కోసం, ఉద్యోగం కోసం పదేళ్ళు, ఇరవై ఏళ్ళు అమెరికాలోనో బెంగుళూరులోనో ఉండి వచ్చే బిడ్డలకు కూడా ఆ ఉపదేశమే వర్తిస్తుంది.

ఇక రెండవ చోటు. మన పెద్దలు మనకు ఎప్పుడూ మంచే చేశారా? కొందరు చేయలేదు. ఒక ఇల్లాలు నన్ను సూటిగా అడిగింది. ‘మా అత్తగారు నన్ను పాతికేళ్ళు ఏడిపించింది. ఇప్పుడు ఆమెకు నేను అన్నం కలిపి నోట్లో పెట్టాలి. ఆమెలో దేవుణ్ణి చూడమంటారా?’ నేను వెంటనే జవాబు చెప్పలేదు. ఇటువంటి ప్రశ్నకు తడుముకోకుండా జవాబు చెప్పేవారిని నేను నమ్మను. ఇంటికి వెళ్ళి ఆశ్రమవాసపర్వం తీశాను.

యుద్ధం ముగిసిన తరువాత ధృతరాష్ట్రుడు పదిహేను సంవత్సరములు పాండవుల ఇంటిలోనే ఉన్నాడు. లక్కయింటికి సమ్మతించినవాడు, ద్రౌపదిని సభకు ఈడ్చిన నాడు మాట్లాడకుండా కూర్చున్నవాడు ఆయనే. అటువంటివానికి ధర్మరాజు ఏ లోటూ చేయలేదు. ఎవరూ ఆయన మనసు నొప్పించకూడదని శాసించాడు. కాని భీముడు ఊరుకోలేకపోయాడు. అన్నగారికి తెలియకుండా, ముసలివాని చెవిన పడేటట్లు భుజములు చరచి, ఈ చేతులతోనే కదా ఆయన కొడుకులను చంపానని మిత్రులతో చెప్పుకునేవాడు. పదిహేనేళ్ళు పంచభక్ష్యములు పెట్టిన ఇంటిలో ఆ మాటలు పడలేక ధృతరాష్ట్రుడు అడవికి బయలుదేరాడు. భాగవతంలో విదురుడు కూడా, భీముడు విదిల్చిన ముద్ద తింటూ ఈ ఇంట్లో ఇంకా ఎందుకున్నావని ఆయనను మందలిస్తాడు. భోజనంలో లోపం లేదు, మాటలో లోపం. మన ఇళ్ళలో కూడా మందులు వేళకు అందుతాయి, పండ్లు వస్తాయి. కాని గిన్నె బల్లమీద పెట్టేటప్పుడు వచ్చే చప్పుడు ఉన్నదే, అది ముసలి చెవికి చక్కగా వినపడుతుంది.

ఆ దంపతులు అడవికి వెళుతూ ఉంటే వారితో కుంతీదేవి బయలుదేరింది. ఆమెకు ఆ అవసరం ఏమున్నది? కొడుకులు రాజులైనారు. వద్దని అందరూ కాళ్ళమీద పడ్డారు. తన బిడ్డలను పన్నెండేళ్ళు అడవులపాలు చేసినవానికి, ఆయన భార్యకు అత్తమామలకు చేసినట్లు సేవ చేయడానికి ఆమె రాజ్యం విడిచి వెళ్ళింది. కళ్ళు లేని భర్త, కళ్ళకు గంతలు కట్టుకున్న భార్య. గాంధారి చేయి తన భుజం మీద వేయించుకొని కుంతి ముందు నడిచింది, గాంధారి భుజం మీద ధృతరాష్ట్రుని చేయి. ఆ మూడు తలల వరుసను ఒకసారి మనసులో నిలుపుకోండి. చివరకు అడవి కార్చిచ్చులో ముగ్గురూ కలిసే శరీరములు విడిచారు. జరిగిన అన్యాయం కుంతి మరచిపోయిందని వ్యాసుడు ఎక్కడా అనలేదు. తెలిసి చేసింది.

ఆ ఇల్లాలికి ఈ కథ చెప్పి, ‘అమ్మా, నీకు జరిగినది అన్యాయం కాదని నేను అనను. ఆమె మంచిదని నీవు నమ్మనక్కరలేదు. ఆమెలో ఆకలి వేస్తున్నది ఎవరికో, ఆ ఆకలికి పెట్టు’ అన్నాను. వైశ్వానరాగ్ని రూపంలో ప్రాణుల దేహములలో ఉండి అన్నాన్ని పచనం చేసేవాడు తానేనని గీతాచార్యుడు చెప్పాడు. ఆ అగ్నికి అత్త, కోడలు అనే భేదం లేదు. ఆమె ఏమీ మాట్లాడకుండా వెళ్ళింది. నెల తరువాత వచ్చి, ‘మాటలు కలవలేదు కాని చేయి వణకడం తగ్గింది’ అని మాత్రం చెప్పింది. నాకు అది చాలనిపించింది.

మతిమరుపు వ్యాధిని గురించి ఒక మాట. 1906లో ఆల్జీమర్ అనే జర్మను వైద్యుడు దీనిని వివరించినందువలన ఆయన పేరుతోనే ఒక రకాన్ని పిలుస్తున్నారు. చాదస్తం అని, కావాలని చేస్తున్నారని మనం అనుకుంటాం. అది మెదడుకు వచ్చే వ్యాధి. ఎప్పుడో గతించిన భర్త ‘ఇంకా పొలం నుండి రాలేదా’ అని తల్లి అడుగుతుంది. ఆయన పోయారని చెబితే అప్పుడే పోయినట్లు ఏడుస్తుంది. పది నిముషములకు మళ్ళీ అడుగుతుంది. ప్రతిసారీ ఆ మరణవార్త ఆమెకు క్రొత్తదే. వాదించకండి. ‘నాన్నగారిని గురించి చెప్పమ్మా, ఏ పొలం అది?’ అని మాట మళ్ళించండి.

మేము పాఠశాలలో సంత చెప్పుకునేవాళ్ళం. గురువుగారు ఒకసారి చెబితే మేము రెండుసార్లు అనాలి, తరువాత వల్లె వేయాలి. ఘనపాఠంలో అయితే అదే పదం ముందుకు, వెనుకకు ఎన్నోసార్లు వస్తుంది. ఎవరికీ విసుగు రాలేదు, ఎందుకంటే అది వేదం అనుకున్నాం. అమ్మ ఒకే ప్రశ్న మూడవసారి అడిగేసరికి విసుగు వస్తుంది. మా గురువుగారికి చివరి రోజులలో చూపు మందగించింది. శిష్యులం వంతులవారీగా చేయి పట్టి కాలువకు స్నానానికి తీసుకొని వెళ్ళేవాళ్ళం. దారిలో వల్లె చెబుతూ నడవాలి. స్వరం తప్పితే మాట్లాడేవారు కారు, పట్టుకున్న చేయి కొంచెం నొక్కేవారు. ఆ దారిలో నేర్చుకున్న పాఠం నాకు ఇప్పటికీ తప్పదు. మేము ఆయనను నడిపిస్తున్నామని చూసేవారు అనుకునేవారు.

సేవ చేసేవారి శరీరాన్ని గురించి ఎవరూ మాట్లాడరు. రామాయణంలో దశరథుని బాణం తగిలిన మునికుమారుని మీరు ఎరుగుదురు. లోకంలో శ్రవణకుమారుడంటారు. ప్రాణం పోతున్న వేళ ఆ పిల్లవానికి తన బాధకంటే దాహంతో ఎదురుచూస్తున్న తల్లిదండ్రుల బాధ ఎక్కువైంది. ఆ వృద్ధులకు అతడు ఒక్కడే ఆధారం. అతడు పడిపోతే వారూ పడిపోయారు. ఒక్కరి మీదే భారమంతా వేయడం ఎంత ప్రమాదమో ఆ కథ చెబుతున్నదని నేను అనుకుంటాను. నలుగురు సంతానం ఉన్న ఇంటిలో ముగ్గురు డబ్బు పంపి, ఒక కోడలో, పెండ్లి కాని కూతురో రాత్రులు మేలుకోవడం ధర్మం కాదు. దూరాన ఉన్నవారు సంవత్సరంలో కొన్ని వారములు వచ్చి ఆ మంచం దగ్గర తామే పడుకోవాలి. ఫోనులో ముఖం చూడటం మంచిదే, కాని ఫోను ప్రక్కకు తిప్పి పడుకోబెట్టదు. మనిషిని కుదుర్చుకోవడం కూడా తప్పు కాదు. ఆ పనిచేసే ఆయాను గౌరవంగా చూడండి, ఆమె మీ బదులు మీ పూజ చేస్తున్నది. సేవ చేసేవారికి కోపం వస్తుంది, ఏడుపు వస్తుంది. ఒక్కొక్కప్పుడు ‘ఈ బాధ ఎప్పటికి తీరుతుందో’ అనే తలంపు కూడా వస్తుంది. ఆ తలంపు వచ్చినంత మాత్రాన పాపం అంటుకోదు. ఆ క్షణంలో గది బయటకు వచ్చి, చన్నీళ్ళతో ముఖం కడుక్కొని, కేశవనామములు చెప్పుకొని మళ్ళీ లోపలికి వెళ్ళండి.

2011 జనాభా లెక్కలలో మన దేశంలో అరవై ఏళ్ళు దాటినవారు పది కోట్లకు పైగా ఉన్నట్లు తేలింది. 2007లో తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ సంక్షేమ చట్టం వచ్చింది. పోషించని బిడ్డల నుండి భరణం ఇప్పించే అధికారం ఆ చట్టం క్రింద ట్రిబ్యునలుకు ఉన్నది. చూసుకుంటామనే షరతుతో ఆస్తి వ్రాయించుకొని చూడకపోతే ఆ దస్తావేజును రద్దు చేయించుకోవచ్చు. దిక్కు తోచని పెద్దలు దీనిని తెలుసుకోవాలి, సిగ్గుపడవలసిన పని లేదు. సిగ్గుపడవలసినవారు వేరే ఉన్నారు.

ఇక నా ఈడు వారికి కూడా ఒక మాట చెప్పవలె. సేవ చేయించుకోవడం ఒక సాధన. ఇన్నాళ్ళు ఇచ్చిన చేయి ఇప్పుడు చాచాలి, అది అహంకారానికి మింగుడుపడదు. కోడలు తెచ్చిన గంజిని చప్పగా ఉన్నదనకుండా త్రాగడం మనకు ఉపవాసం కంటే కష్టమైన వ్రతం. కూతురి ముందు కోడలిని, కోడలి ముందు కూతురిని ఎంచకండి. చేతికర్ర పట్టుకోమంటే పట్టుకోండి, చెవి యంత్రం పెట్టుకోమంటే పెట్టుకోండి. సేవ చేసినవారికి రోజుకు ఒకసారైనా ‘తిన్నావా అమ్మా?’ అని అడగండి. ఆ ఒక్క మాట కోసం వారు ఎదురుచూస్తుంటారని మనకు తెలియదు.

పంఢరపురంలో పాండురంగడు ఇటుక మీద నిలబడి ఉంటాడు. తెనాలి రామకృష్ణ కవి ఆ క్షేత్రం పేరనే పాండురంగ మాహాత్మ్యం వ్రాశాడు. తల్లిదండ్రుల కాళ్ళు పడుతున్న పుండరీకుడు, వాకిట నిలిచిన స్వామి వైపు ఒక ఇటుక విసిరి దానిమీద ఉండమన్నాడని సంప్రదాయం. స్వామి కోపించలేదు. నడుము మీద చేతులు పెట్టుకొని నిలబడ్డాడు, ఇప్పటికీ అలాగే ఉన్నాడు. నా వద్దకు వచ్చిన ఆ గృహస్థుకు నేను చెప్పినది ఇదే. ‘నాయనా, స్వామి నీకు దూరం కాలేదు. నీవు తండ్రి పక్క మారుస్తూ ఉన్నావు కనుక వాకిట ఆగి ఉన్నాడు. నీ పని కానివ్వు, ఆయనకు తొందర లేదు’ అన్నాను.

హారతికి వేళ అవుతున్నది. ప్రసాదం ఇచ్చేచోట ఈ రోజు పులిహోర, దద్ధ్యోదనం రెండూ ఉన్నాయని అర్చకస్వామి చెప్పారు. ఇంటి వద్ద పెద్దలు ఉన్నవారు వరుసలో ముందుకు రండి. పళ్ళు లేనివారికి పులిహోర వద్దు, దద్ధ్యోదనం పట్టుకెళ్ళండి. పోపులోని మిరపకాయ ముక్కలు, అల్లం ముక్కలు ఏరివేసి మెత్తగా చిదిమి, కూర్చోబెట్టి పెట్టండి.